చేపపిల్లల పోరు – మెదడులోని తూములు



ఈనాడు మీతో ముచ్చటించదలచిన విషయం చేప మెదడును గురించినది. ‘‘సేప బుర్రలో ఏటుందో మాకెందుకు బాబూ, వలలో పడితే సాలదా?’’ అని పూడిమడక రేవులో ఎవరైనా అంటే, ఆ మాటను తోసిపుచ్చడానికి లేదు. వేటకు పోయేవానికి కావలసినవి చేప జాడ, గాలివాటు, వల బలం. అయితే చేపను పెంచేవాని సంగతి వేరు. పశువును పెంచేవాడు దాని ఆకలి, బెదురు, కోపం ఎరిగి మసలుకుంటాడు. చేపను పెంచేవాడూ అంతే. ఆ ఆకలికీ, బెదురుకూ, కోపానికీ మూలం చేప మెదడులో వున్నది.

మెదడు సంగతి తెలిసినందువల్ల చేపల రైతు బాగుపడిన ఉదాహరణ మన కళ్ళెదుటనే వుంది. ఒకప్పుడు బొచ్చె, శీలవతి, ఎర్రమోసు పిల్లల కోసం వరద రోజుల్లో నదుల వెంట తిరిగేవారు. దొరికిన కలగాపులగపు విత్తనాన్నే చెరువులో వేసేవారు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ చేపల క్షేత్రంలో డాక్టర్ హీరాలాల్ చౌదరి గారు, చేప మెదడు అడుగున వుండే పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించి, కార్పు జాతి చేపలచేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాము. ఇప్పుడు హాచరీలలో వాడే సూదిమందులో సాధారణంగా రెండు పదార్థాలు వుంటాయి. ఒకటి పీయూష గ్రంథిని పనిలోకి దింపుతుంది. రెండవది మెదడులోని డోపమిన్ అనే రసాయనం ఆ గ్రంథిపై వేసిన పగ్గాన్ని సడలిస్తుంది. కనుక మెదడు రసాయనాలు మన రైతుకు కొత్త కాదు. పేరు తెలియకుండానే వాటితో పని చేయించుకుంటున్నాడు.

ఇక మన తీరానికి వద్దాము. పూడిమడక ఇప్పుడు అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలంలో వుంది. 2022 ఏప్రిల్ వరకు ఇది విశాఖపట్నం జిల్లాలోనిది. ఆ విశాఖ తీరంలోనే 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు, అలలు తగిలే బాహ్య సముద్రంలో పంజరం కట్టి చేపలను పెంచడం మన దేశంలో మొదటిసారిగా చేపట్టారు. ఆ పంజరం వ్యాసం 15 మీటర్లు. పెంచిన చేప పండుగప్ప. ఆ చేప పిల్లలను హాచరీలో పుట్టించే విద్యను అంతకు పదేళ్ళ ముందే, 1997లో, మద్రాసులోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థవారు సాధించారు. ఆ తరువాత విశాఖ కేంద్రంలోనే నారింజ చుక్కల బొంతు చేప పిల్లలను ఉత్పత్తి చేసే పద్ధతిని కూడా రూపొందించారు. బొంతు మన తీరానికి పాత చుట్టమే. 1803లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ గారి గ్రంథంలో విశాఖ తీరపు 200 చేపల వర్ణన వున్నది. ఇక్కడి జనం నోట విన్న తెలుగు పేర్లనే ఆయన ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. వాటిలో బొంతు పేరు కూడా వుంది.

పండుగప్ప, బొంతు రెండూ మంచి ధర పలికే చేపలే. కాని రెండింటికీ ఒక చెడ్డ గుణం వుంది. చిన్నతనంలో పెద్దపిల్ల చిన్నపిల్లను మింగుతుంది. పండుగప్ప పిల్ల తన పొడవులో సగానికి పైబడిన తోటిపిల్లను కూడా మింగగలదు. అనగా నాలుగంగుళాల పిల్లకు రెండంగుళాల పిల్ల ఒక్క గుటక. మొదటి రెండు నెలలు ఈ బెడద మరీ ఎక్కువ.

ఒక లెక్క వేసి చూడండి. తొట్టిలో వెయ్యి పిల్లలు వున్నాయనుకుందాము. వాటిలో ఇరవై పిల్లలు మిగతావాటి కంటె ముందుగా ఎదిగాయి. ఒక్కొక్కటి రోజుకొక పిల్లను మింగితే నెల తిరిగేసరికి ఆరువందలు పోయినట్లే. రోగం రాలేదు, నీరు చెడలేదు, చచ్చిన చేప ఒక్కటీ పైకి తేలలేదు. అయినా విత్తనానికి పెట్టిన డబ్బులో సగానికి పైగా ఇరవై కడుపుల్లోకి పోయింది.

దీనికి కారణమేమిటి? ఆకలి ఒక కారణం. సైజులో తేడా రెండవ కారణం. ఈ రెండూ అనుభవం వున్న ప్రతి రైతుకూ తెలుసు. మూడవ కారణం మెదడులో వున్నది. దాని పేరు సెరటోనిన్.

సెరటోనిన్ అనేది మెదడులోని కొన్ని నాడీకణాలు తయారుచేసి, పక్క కణాలకు సందేశంగా పంపించే రసాయనం. మనిషికీ, ఎలుకకూ, చేపకూ కూడా ఇది వుంది. ఆకలి, నిద్ర, బెదురు, తగవులాడే గుణం — వీటిని అదుపులో పెట్టడంలో దీని పాత్ర పెద్దది. మెదడులో లక్షలాది కణాలున్నా దీనిని తయారుచేసే కణాలు కొద్ది మాత్రమే. కాని వాటి తీగలు మెదడంతా అల్లుకుని వుంటాయి. ఊరికి ఒక్కటే చెరువైనా, దాని కాలువలు ప్రతి మడికీ పారినట్లు అనుకోండి.

మరి ఆ కొద్ది కణాలే ఎందుకు తయారుచేస్తాయి? మిగతావి ఎందుకు చేయవు? ఇక్కడే జన్యువుల సంగతి వస్తుంది.

చేప శరీరంలోని కణాలన్నిటిలోనూ ఒకే జన్యువులు వుంటాయి. మొప్పలోని కణంలో వున్నవే మెదడులోని కణంలోనూ వుంటాయి. ఆయకట్టులోని ప్రతి మడికీ తూము వున్నట్లు, ప్రతి కణంలోనూ ప్రతి జన్యువుకూ ఒక తూము వున్నది. కాని తూములన్నీ ఒకేసారి తెరవరు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏది దించాలో లస్కరు చూస్తాడు. కణంలో కూడా అటువంటి లస్కర్లు వున్నారు. అవి కొన్ని ప్రత్యేక మాంసకృత్తులు. అవి జన్యువు పక్కన వున్న తూముపై కూర్చుని దానిని తెరుస్తాయి, లేక మూస్తాయి. దీనినే శాస్త్రజ్ఞులు జన్యు నియంత్రణ అంటారు.

సెరటోనిన్ తయారుచేసే కణంలో ముఖ్యంగా తెరవవలసిన తూములు మూడు. మొదటిది ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకును సెరటోనిన్ దారి పట్టించే ఎంజైము జన్యువు. దాని పేరు టి.పి.హెచ్. రెండవది తయారైన సరుకును చిన్న సంచుల్లో నింపే జన్యువు. మూడవది వాడగా మిగిలిన సెరటోనిన్‌ను మళ్ళీ కణంలోకి లాగుకునే జన్యువు. మూడవదానిని తిరుగు కాలువ అని గుర్తుంచుకోండి. దానితో తరువాత పని వుంది.

మెదడు వెనుక భాగంలో, కాండం నడుమ రాఫె అనే చోట వున్న కణాలలో ఈ తూములను తెరిచే పెద్ద లస్కరు పెట్-1 అనే మాంసకృత్తు. ఎలుకలలో పెట్-1 జన్యువును తీసివేసినప్పుడు, సెరటోనిన్ కణాలు కావలసినవాటిలో సుమారు 70 శాతం సరిగా తయారు కాలేదు. ఆ ఎలుకలు పెద్దవయ్యాక బెదురుగా, తగవులమారిగా తయారయ్యాయి. 2003లో ఈ సంగతి వెల్లడి అయింది. ఒక్క లస్కరు లేకపోతే ఆయకట్టు ఎంత అస్తవ్యస్తమవుతుందో చూడండి.

చేపలో మరొక విశేషం వుంది. మనిషి మెదడులో సెరటోనిన్ తయారీ రాఫె దగ్గరే. చేపకు అక్కడే కాక, మెదడు అడుగున, పీయూష గ్రంథికి సమీపాన హైపోథలామస్ అనే చోట కూడా సెరటోనిన్ కణాలు వున్నాయి. ఆశ్చర్యమేమంటే అక్కడ పెట్-1 పనిచేయదు. అక్కడి లస్కరు వేరు. దాని పేరు ఈ.టి.వి.-5-బి. చేప పిండంలో దాని పనిని అడ్డగిస్తే హైపోథలామస్‌లోని సెరటోనిన్ కణాల సంఖ్య తగ్గినట్లు 2013లో ప్రచురితమైన పరిశోధన చూపింది. సరుకు ఒకటే, కాని రెండు కాలువల కింద ఇద్దరు లస్కర్లు.

ఇవన్నీ ఏ చేపలో చూశారని మీరు అడగవచ్చు. అది మన దేశపు వాగుల్లో, పొలాల కాలువల్లో తిరిగే చారల చిన్న చేప. జీబ్రా చేప అంటారు. ఒకటిన్నర అంగుళం మించదు. 1822లో హామిల్టన్ గారు గంగానది చేపల గ్రంథంలో దీనిని మొదట వర్ణించారు. దీని పిండం గాజులాగా తేటగా వుండి, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. లోపల ఏ కణం ఎక్కడ పుడుతున్నదో సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. 2013లో దీని జన్యుపటం పూర్తిగా ప్రచురించారు. మాంసకృత్తులను తయారుచేసే జన్యువులు సుమారు 26,000 అని తేలింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయంలో కూడా ఈ చేపను పెంచి పరిశోధనలు చేస్తున్నారు.

అయితే రైతు సోదరులు ఒక సంగతి గమనించాలి. లస్కరు తూము ఎత్తినంత మాత్రాన మడి తడవదు. కాలువలో నీరు రావాలి. సెరటోనిన్‌కు నీరువంటిది ట్రిప్టోఫాన్. దీనిని చేప తన ఒంటిలో తయారుచేసుకోలేదు. మేతలోనే రావాలి. మేతలో ఇది బొత్తిగా తక్కువైతే ట్రౌటు, సాల్మను చేపలకు వెన్ను వంకరపోయినట్లు చూశారు. చేపపొడిలోనూ, సోయాలోనూ ఇది తగుమాత్రం వుంటుంది. మొక్కజొన్నలో తక్కువ.

ఇక కొట్లాటకూ దీనికీ సంబంధమేమిటో చూద్దాము. ఒకే తొట్టిలో రెండు ట్రౌటు చేపలను వుంచితే కొద్దిసేపట్లోనే ఒకటి పెత్తందారు అవుతుంది, రెండవది లొంగిపోతుంది. లొంగిన చేప ఒళ్ళు నల్లబడి, మూలన చేరి, మేతకు రావడం మానుతుంది. దాని మెదడులో సెరటోనిన్ ఖర్చు మితిమీరి సాగుతూ వుంటుంది. మరొక పరీక్షలో ట్రౌటు చేపలకు ట్రిప్టోఫాన్ కలిపిన మేతను వారం రోజులు పెట్టారు. కలియబడే గుణం తగ్గింది. మూడు రోజులు పెడితే చాలలేదు, ఏడు రోజులకు ఫలితం కనబడింది. ఇది 2001 నాటి మాట. 2003లో బొంతు పిల్లలపై ఇటువంటి పరీక్షే జరిగింది. ఒకదానినొకటి మింగడం తగ్గింది.

కనుక సెరటోనిన్ ఎక్కువైతే మంచి, తక్కువైతే చెడు అని తేల్చివేయకూడదు. నిదానంగా పారే నీరు పంటకు మేలు. గండిపడి పారే నీరు నష్టం. అణగారిన చేపలో జరిగేది రెండవది.

ఇది విన్నవెంటనే ట్రిప్టోఫాన్ పొడి డబ్బా కొనడానికి పరుగెత్తవద్దు. ట్రిప్టోఫాన్ రక్తం నుంచి మెదడులోకి పోవడానికి ఒక రేవు దాటాలి. ఆ రేవులో పడవ ఒక్కటే. మరికొన్ని అమైనో ఆమ్లాలు కూడా అదే పడవకోసం కాచుకుని వుంటాయి. కనుక ఎంత వేశామన్నది ఒక్కటే లెక్క కాదు, తక్కినవాటితో ఏ పాళ్ళలో వేశామన్నది ముఖ్యం. ఈ పాళ్ళు మేత తయారుచేసే నిపుణుడు చూడవలసినవి. గట్టు మీద గుప్పెడు కలిపితే కుదిరేవి కావు. ఇక మనుషులకిచ్చే మనోవ్యాధి మందులను చేపల మేతలో కలపడమనే ఆలోచనే రాకూడదు.

రైతు చేతిలో వున్న పనులు వేరే వున్నాయి. అవి ఖర్చు తక్కువవి.

మొదటిది, సైజులు వేరుచేయడం. మొదటి రెండు నెలలూ వారానికొకసారైనా పిల్లలను జల్లించి పెద్దవాటిని, చిన్నవాటిని వేరు వేరు హాపాలలో వుంచాలి. చల్లని వేళ, మేత వేయకముందు ఈ పని చేయాలి. చేతులు తడిచేసుకుని పట్టాలి.

రెండవది, మేత వేసే తీరు. ఒకేసారి కుమ్మరించక, కొద్దికొద్దిగా పలుమార్లు వేయాలి. ఒకే మూల వేస్తే ఆ మూలను పెత్తందారు పిల్లలు కాచుకుని కూర్చుంటాయి. తొట్టి అంతటా చల్లితే బక్కపిల్లకూ నోటికి అందుతుంది. పండుగ భోజనాల్లో వడ్డించేవాడు చివరి పంక్తిని మరవకూడదు గదా.

మూడవది, దాగుచోటు. బొంతు పిల్లలకు పైపు ముక్కలు వేసి వుంచితే, తరుముకు వచ్చేదాని కంటబడకుండా చిన్నది తలదాచుకుంటుంది. తల దాచుకునే చోటున్న పిల్లకు బెదురు తగ్గుతుంది.

నాలుగవది, అలజడి తగ్గించడం. తొట్టి గట్టును బాదడం, రాత్రివేళ ఒక్కసారిగా దీపం వేయడం, పిల్లలను మాటిమాటికి వలతో కదపడం మానుకోవాలి. మన కంటికి ఇవి చిన్న సంగతులే. చేప మెదడుకు ప్రతిదీ ఒక దెబ్బ.

ఐదవది, నీరు. ఇది పూడిమడక వంటి ఊళ్ళకు మరీ ముఖ్యం కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఇందాక తిరుగు కాలువ అన్నాము గుర్తున్నదా? మనుషుల మనోవ్యాధికి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, సిటలోప్రామ్ వంటి మందులు పనిచేసేది సరిగా ఆ తిరుగు కాలువ మీదనే. అవి దానిని మూస్తాయి. మనిషిలో వున్న ఆ తిరుగు కాలువే చేపలోనూ వుంది. కనుక ఆ మందు నీటిలో కలిస్తే చేప మెదడు మీదా పనిచేస్తుంది. ఫ్లూఆక్సెటిన్ తగిలిన గోల్డు చేపలు మేత తగ్గించినట్లు పరీక్షలలో కనబడింది. వైద్యుడు రాసి ఇవ్వని మందు చేప రాత్రింబగళ్ళు మింగినట్లు అవుతుంది.

ఇది ఎక్కడో జరిగే మాట కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, అనేక మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో సిటలోప్రామ్ 770 నుంచి 840 మైక్రోగ్రాముల దాకా వున్నది. అనగా ముప్పాతిక మిల్లీగ్రాముకు పైమాటే. శుద్ధి అయిన నీరు అది! ఇంకా అనేక మందులు, వాటిలో సూక్ష్మజీవులను చంపేవి కూడా, ఆ నీటిలో కనబడ్డాయి.

మన ప్రాంతంలో కూడా, పరవాడలోనూ అచ్యుతాపురంలోనూ, మందుల కర్మాగారాలు వున్నాయి. ఫలానావారు మన నీటిని పాడుచేశారని ఇక్కడ చెప్పడం లేదు. వాటిలో మన పిల్లలే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కాని పంజరం కట్టే ముందు, హాచరీకి సముద్రపు నీరు తోడే ముందు, ఆ నీటిని పరీక్ష చేయించమని అడిగే హక్కు మీకున్నది. ఉప్పు శాతం, ప్రాణవాయువు, ఆమ్ల క్షార గుణం చూసినంతలో సరిపోదు. మందుల అవశేషాలు చూడడానికి వేరే యంత్రాలు కావాలి. అది ఒక్క రైతువల్ల అయ్యే పని కాదు. మత్స్యకార సహకార సంఘం తరఫున మత్స్యశాఖకూ, కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా కోరండి. నోటిమాట గాలికి పోతుంది, కాగితం దస్త్రంలో వుంటుంది.

విస్తరణ కార్యకర్తలకు రెండు మాటలు. రైతు ‘‘పిల్ల తగ్గిపోతున్నది’’ అన్నప్పుడు వెంటనే మందు పేరు చెప్పవద్దు. ముందు లెక్క అడగండి. చచ్చిన పిల్లలు తేలుతూ వుంటే రోగమో, నీటి లోపమో అయి వుండవచ్చు. ఏమీ తేలకుండా లెక్క తగ్గుతూ వుంటే, ముందుగా మింగుడును అనుమానించండి. వారానికొకసారి 30 పిల్లలను పట్టి పొడవులు కొలిచి పుస్తకంలో రాయించండి. అన్నిటికంటె పెద్దది చిన్నదానికి రెట్టింపు పొడవు కాకముందే జల్లెడ పడాలి. ఒళ్ళు నల్లబడి మూలన చేరిన పిల్లలు ఎన్ని వున్నాయో కూడా రాయించండి. ఆ నల్లదనం మెదడులో సాగే గొడవకు బయటి గుర్తు కావచ్చు. రోగంవల్ల కూడా నల్లబడవచ్చు కనుక మొప్పలు, రెక్కలు పరీక్షించి చూడండి.

సోదరులారా, పిల్ల చేప ఏ లస్కరుతో పుట్టిందో దానిని మార్చడం మన చేతిలో లేదు. ఆ తూములు గుడ్డులో వుండగానే తెరుచుకుంటాయి. కాని ఆ కాలువలో పారే ముడిసరుకు మనం వేసే మేతలో వుంది. ఆ కాలువకు గండిపడేదీ, పడనిదీ మనం పెట్టే ఇరుకులో, బెదురులో వుంది. ఆ తిరుగు కాలువ మూసుకుపోకుండా కాపాడేది మనం కోరి సాధించుకునే మంచి నీరు. ఇరవై పిల్లలు బలిసి వెయ్యి పిల్లల తొట్టి ఖాళీ అయితే తప్పు చేప గుణానిదే అని ఊరుకోవద్దు. ఈ వారమే మీ తొట్టిలో 30 పిల్లలను పట్టి కొలవండి. ఏమి చేయాలో ఆ కొలతే చెబుతుంది.